గుడి గోడ మీది పలక

విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం మధ్యాహ్నం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి చదురుగుడికీ కోటకీ మధ్య ఉన్న దారిలో నేల ఈనినట్టు జనం ఉంటారు. ముందు రోజు తొలేళ్లు. ఆ రాత్రి అమ్మ చేతి మీదుగా వచ్చిన విత్తనాలు కొంగున కట్టుకున్న రైతులు ఊరికి తిరిగిపోకుండా ఆ దారి పక్కనే తెల్లవార్లూ కూర్చుంటారు. పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల ముందు నడుస్తుంటే వెనకాల సిరిమాను కదులుతుంది. పూజారికి అమ్మ కలలో చెప్పిన చోట వెతికి తెచ్చిన చింతమాను అది, యాభై అడుగులకు పైమాటే. దాని కొసన పూజారి కూర్చుంటారు. కింద నుంచి జనం విసిరే అరటిపండ్ల వానలో మాను చదురుగుడి నుంచి కోటకీ, కోట నుంచి చదురుగుడికీ మూడుసార్లు తిరుగుతుంది. పూసపాటి వంశంవారు కోట బురుజు మీద నుంచి చూస్తారు. మంత్రులు, శాసనసభ్యులు, అధికారులు తమకు వేసిన వేదికల మీద నుంచి చూస్తారు. మిగిలిన లక్షల మంది తాళ్లకీ బారికేడ్లకీ వెనక నిలబడి, ముందువాళ్ల భుజాల మీదుగా మెడలు నిక్కించి చూస్తారు. ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండగగా ప్రకటించింది. అమ్మవారికి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు వస్తాయి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మతానికీ పాలనకీ ఉన్న సంబంధం గురించి ఆలోచించాలంటే పుస్తకాలు తెరవనక్కర్లేదు, ఆ దారి చూస్తే చాలు. ప్రభుత్వం పట్టుచీర పట్టుకుని గుడిలోకి వెళ్లడం ముఖ్యమా, తాడు వెనక నిలబడ్డ మనిషి ఊపిరాడి క్షేమంగా ఇంటికి చేరేట్టు చూడడం ముఖ్యమా? రెండూ చేయవచ్చు గదా అని చటుక్కున అనిపిస్తుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. గత ఐదారేళ్లలో మన కళ్లెదుట జరిగినవి ఒక్కచోట పెట్టి చూస్తే మాత్రం, మొదటిదాని మీద మోజు పెరిగినప్పుడల్లా రెండోది వెనకబడుతోందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

పాలనా దైవమూ ఇక్కడ ఎన్నడూ వేరువేరుగా లేవన్నది ముందే ఒప్పుకోవాలి. పైడితల్లి కథే రాజకీయంలో పుట్టింది. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది, విజయనగరం రాజు విజయరామరాజును బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు చంపాడు. ఆ రాజు చెల్లెలే అన్న మీద బెంగతో దేవతగా వెలిసిందని, పెద్దచెరువులో ఆమె విగ్రహం దొరికిందని ఊరి నమ్మకం. అంటే ఒక యుద్ధంలో ఓడినవాళ్ల దుఃఖమూ గెలిచినవాళ్ల దుఃఖమూ కలిసి ఒక అమ్మవారయ్యాయి. శ్రీకాకుళం వైపు వెళితే ఈ ముడి ఇంకా పాతది. శ్రీకూర్మంలో 1281 నాటి శాసనం నరహరి తీర్థులు యోగానంద నరసింహస్వామికి గుడి కట్టించిన సంగతి చెబుతుంది. ఆ సన్యాసి కొంతకాలం కళింగ రాజ్య వ్యవహారాలు కూడా నడిపారని మాధ్వ సంప్రదాయం. ముఖలింగంలోనూ, శ్రీకూర్మంలోనూ రాతి మీద చెక్కిన దానాలు కళింగ గాంగుల కాలం నాటివి. వాటిని ఒకసారి దగ్గరగా చూడాలి. ఒక స్తంభం మీద చెక్కినది కేవలం దాత పేరు కాదు. ఏ శక సంవత్సరంలో, ఎవరు, ఏ దేవుడికి అఖండ దీపం పెట్టారు, ఆ దీపానికి ఎంత సొమ్ము లేదా ఎన్ని ఆవులు ఇచ్చారు, వాటిని ఎవరి చేతిలో పెట్టారు అన్నవి కూడా ఉంటాయి. పేరు కోసం రాయించుకున్నారేమో, నిజమే. కానీ పేరుతో పాటు బాధ్యత కూడా రాయి మీదికి ఎక్కింది. రేపు నూనె పోయకపోతే ఎవర్ని అడగాలో గుడికి వచ్చిన ఎవరైనా ఆ స్తంభం చూసి చెప్పగలరు. గుడి గోడే గుడి లెక్కల పుస్తకం.

మన పిల్లలు ఇప్పుడు వేలాదిగా అమెరికాలో ఉన్నారు గనక ఆ దేశం ఈ సమస్యని ఎలా చూసిందో కొంచెం చెప్పుకోవాలి. 1791లో వాళ్ల రాజ్యాంగానికి చేసిన మొదటి సవరణ, మతాన్ని స్థాపించే చట్టం గానీ మతాచరణకు అడ్డొచ్చే చట్టం గానీ కాంగ్రెస్ చేయకూడదంది. 1802లో అధ్యక్షుడు జెఫర్సన్ డాన్‌బరీ ఊరి బాప్టిస్టులకు రాసిన జాబులో, చర్చికీ ప్రభుత్వానికీ నడుమ గోడ ఉందన్నాడు. ఆ గోడ ఎప్పుడూ నిండుగా లేదు. 1789 నుంచీ వాళ్ల సెనేట్‌కి ప్రార్థన చేయించే చాప్లెయిన్ ఉన్నాడు. 1956లో దేవుడి మీద విశ్వాసాన్ని చాటే మాటను జాతీయ నినాదంగా చేసుకున్నారు, నోట్ల మీద అచ్చేసుకున్నారు. 1962లో సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో అధికారిక ప్రార్థన కూడదంది. 2022లో అదే కోర్టు, ఆట అయ్యాక మైదానంలో మోకరిల్లి ప్రార్థన చేసిన కోచ్ పక్షాన తీర్పు చెప్పింది. రెండు శతాబ్దాలు దాటినా ఆ వాదన తెగలేదు. మనకి దగ్గర సంబంధం ఉన్న సంఘటన ఒకటి ఉంది. 2000 సెప్టెంబరు 14న ఒహాయో రాష్ట్రం పార్మాలోని శివవిష్ణు ఆలయ అర్చకులు సముద్రాల వెంకటాచలపతి గారు అమెరికా ప్రతినిధుల సభని ప్రార్థనతో ప్రారంభించారు. ఆ సభలో హిందూ అర్చకుడు ప్రార్థన చేయడం అదే మొదలు. వెంటనే ఒక ప్రముఖ క్రైస్తవ సంస్థ అభ్యంతరం చెప్పింది. 2007లో సెనేట్‌లో మరో హిందువు ప్రార్థన మొదలుపెడుతుంటే గ్యాలరీలోంచి కేకలు వేసి అడ్డుకోబోయినవాళ్లని అరెస్టు చేయాల్సి వచ్చింది. పాలకుల కొలువులోకి ప్రార్థనని రానిస్తే తర్వాతి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: ఎవరి ప్రార్థన? పార్మా గుడి నుంచి వెళ్లిన మన అర్చకుడికి ఆ ప్రశ్న ఎదురైంది. ఆ తలుపు ఎక్కువమందికి కాస్త ఎక్కువగా, తక్కువమందికి కాస్త తక్కువగా తెరుచుకుంటుందని అక్కడ మైనారిటీగా బతుకుతున్న తెలుగువాళ్లకి అనుభవమే. ఇక్కడ మెజారిటీగా ఉన్న మనం ఆ అనుభవాన్ని గుర్తుపెట్టుకోవడం మంచిది.

అమెరికా నుంచి నేను నేర్చుకోదలచుకున్నది ఆ గోడ గురించి కాదు, అంతకంటే చిన్న వస్తువు గురించి. 1970లలో పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరుడి గుడి కట్టినప్పటి నుంచీ అక్కడి మన గుళ్లన్నీ సభ్యుల సొంత సంస్థలు. ఈవో ఉండడు, హుండీ లెక్కకి ప్రభుత్వ మనిషి రాడు, ధర్మకర్తల్ని మంత్రి నియమించడు. అయినా ఆ గుడి హాల్లో ఎంతమంది కూర్చోవచ్చో నిర్ణయించేది మాత్రం ప్రభుత్వమే. జనం గుమిగూడే హాల్లో ఇంతమందికి మించరాదని పలక పెట్టాలి, బయటికి దారులు ఇన్ని ఉండాలి, అవి తాళం వేసి ఉండకూడదు. చర్చి అయినా, మసీదు అయినా, గుడి అయినా, సినిమా హాలు అయినా అగ్నిమాపక అధికారికి ఒక్కటే. గర్భగుడిలో ఏ మంత్రం చదువుతున్నారో అతనికి అక్కర్లేదు, వెనక తలుపు తెరుచుకుంటుందా లేదా అన్నదే అతని పని. జెఫర్సన్ గోడ కంటే ఆ పలకే నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది.

మన దగ్గర ప్రభుత్వం గుడిలోకి భక్తితో రాలేదు, లెక్కల కోసం వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో ఉన్న రోజుల్లో, 1817 నాటి ఏడో రెగ్యులేషన్‌తో కుంపిణీ ప్రభుత్వం గుళ్ల ఆస్తుల మీద రెవెన్యూ బోర్డు అజమాయిషీ పెట్టింది. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహాల సేవ చేయడమేమిటని ఇంగ్లండులో గోల పుట్టడంతో చెయ్యి తీసేసుకుంది, 1863 చట్టంతో స్థానిక కమిటీలకి వదిలేసింది. ఆ తర్వాత అరవై ఏళ్లు గుడి మాన్యాలు ఎవరి చేతికి చిక్కితే వాళ్లవి అన్నట్టు సాగింది. దీన్ని సరిచేయడానికి చట్టం తెచ్చింది మన తెలుగువాడే, పానగల్లు రాజా రామరాయణింగారు. 1920ల మధ్యలో ఆయన మద్రాసు ముఖ్యమంత్రిగా ఉండగా హిందూ దేవాదాయ చట్టం వచ్చింది. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. విజయనగరం, బొబ్బిలి వంటి సంస్థానాలు పోవడంతో గుళ్లని పోషించే చెయ్యి పోయింది, ఆ బరువు ప్రభుత్వం మీద పడింది. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: ఆస్తి నిర్వహణని చట్టంతో క్రమబద్ధం చేయొచ్చు, మత విషయాల్లో వేలు పెట్టకూడదు. మన 1987 దేవాదాయ చట్టం వంశపారంపర్య హక్కుల మీద గట్టి దెబ్బ కొట్టింది. 1996లో పన్నాలాల్ పిట్టీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని చాలావరకు సమర్థిస్తూనే, గుడి స్థాపించినవారి కుటుంబానికి పాలకమండలిలో పెద్దరికం మిగిల్చింది. ఇంత చరిత్ర చెప్పింది ఒక్క మాట కోసం. రాజుగారి బాకీ నెత్తికెత్తుకున్న ప్రభుత్వం ఆ బాకీ తీర్చాలి. రాజుగారి తలపాగా కూడా పెట్టుకోనక్కర్లేదు.

తలపాగా పెట్టుకుంటే ఏమవుతుందో రామతీర్థం చూపించింది. నెల్లిమర్ల దగ్గరి ఆ ఊరికి ఒక విశేషం ఉంది. గురుభక్తుల కొండ మీద బౌద్ధుల ఆనవాళ్లు, దుర్గకొండ మీద జైనుల ఆనవాళ్లు, బోడికొండ మీద కోదండరాముడి గుడి. మూడు మతాలకి ఒక్క ఊరు చోటిచ్చింది, ఏ రాజూ ఒక కొండ కోసం ఇంకో కొండని చదును చేయలేదు. 2020 డిసెంబరు ఆఖరి రోజుల్లో బోడికొండ మీద రాముడి విగ్రహం తల నరికేశారు. తర్వాత ఆ తల కోనేటిలో దొరికింది. ఆ వార్త విన్న ప్రతి ఇంట్లో అన్నం సయించలేదు. దోషిని పట్టుకోవడం, గుడికి కాపలా పెట్టడం, ఊరి మనసు కుదుటపరచడం, ఈ మూడే అప్పుడు ప్రభుత్వం పని. జరిగిందేమిటి? 2021 జనవరి 2న అధికార పక్షం నాయకులూ ప్రతిపక్ష నాయకులూ ఒకే రోజు కొండ దగ్గరికి బయల్దేరారు. నినాదాలు, తోపులాటలు, కార్ల మీద దాడి. మీ హయాంలోనే జరిగిందని ఒకరంటే, మీ మనుషులే చేయించారని ఇంకొకరన్నారు. ఆ వేడిలోనే అనువంశిక ధర్మకర్త, పూసపాటి వంశానికి చెందిన అశోక్ గజపతిరాజును ఆ గుడి పదవి నుంచి ప్రభుత్వం తొలగించింది. ఏడాది తిరిగి 2021 డిసెంబరు 22న కొత్త గుడికి శంకుస్థాపన. అక్కడ శిలాఫలకం దగ్గర మళ్లీ రభస. ఎవరిని ఎలా పిలిచారు, ఫలకం మీద ఎవరి పేర్లున్నాయి, ఎవరి పేరు లేదు అన్నదాని మీద ధర్మకర్తకీ మంత్రులకీ వాగ్వాదం, తోపులాట, చివరికి పోలీసు కేసు. గుడి కొత్తగా లేచింది, 2022 ఏప్రిల్‌లో ప్రతిష్ఠా జరిగింది, సంతోషమే. కానీ శ్రీకూర్మం స్తంభాన్నీ ఆ శిలాఫలకాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాని మీద పేరు ఉంది, ఆ పేరుకి కట్టిన బరువు ఉంది. రెండోదాని మీద పేర్లు మాత్రమే ఉంటాయి. ఇక మీదట ఈ గుడికి రాత్రి కాపలా ఎవరిది, తాళం ఎవరి దగ్గర, కెమెరా చూసేదెవరు అన్నది మన శిలాఫలకాల మీద ఎక్కడా కనపడదు.

ఈ తప్పు ఒక పార్టీది అనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. 2020 మార్చిలో ప్రభుత్వం జీవోలతో పూసపాటివారి మాన్సాస్ ట్రస్టుకీ సింహాచలం దేవస్థానానికీ పెద్దల్ని మార్చింది, 2021 జూన్‌లో హైకోర్టు ఆ జీవోల్ని కొట్టేసింది. కోర్టు చెప్పింది సరే. కానీ వంశం హక్కుతో ధర్మకర్త అయిన వ్యక్తే అప్పట్లో ఒక పార్టీలో అగ్రనాయకుడు, మాజీ కేంద్రమంత్రి కూడా అయినప్పుడు, ఆ కుర్చీ మీద ఎదుటి పార్టీ కన్ను పడకుండా ఎలా ఉంటుంది? పూసపాటివారు విజయనగరానికి చేసిన మేలు చిన్నది కాదు. 1958లో పి.వి.జి. రాజు మాన్సాస్ పెట్టి ఎంత ఆస్తి చదువులకి ఇచ్చారో ఈ జిల్లాల్లో చదువుకున్న ఎవరినడిగినా చెబుతారు. ఆ గౌరవం నిలబెట్టుకోవడానికైనా ధర్మకర్త కుర్చీకీ ఎన్నికల కుర్చీకీ మధ్య కాస్త దూరం ఉండడం మంచిదని నా అభిప్రాయం. ఇది ఏ ఒక్క కుటుంబానికో పరిమితమైన మాట కాదు. ఆలయ పాలకమండళ్లను ఎన్నికల్లో పనిచేసినవాళ్లకి బహుమతిగా పంచే అలవాటు ఏ ప్రభుత్వమూ మానలేదు.

ఇప్పుడు 2025కి వద్దాం. జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాట, ఆరుగురు పోయారు. ఏప్రిల్ 30 తెల్లవారుజామున సింహాచలంలో చందనోత్సవం. ఏడాదికి ఒక్కరోజు కనిపించే నిజరూపం కోసం మూడు వందల టికెట్టు క్యూలో నిలబడ్డవాళ్ల మీద గాలివానకి గోడ కూలింది, ఏడుగురు పోయారు. ఆ గోడ పాతబడి కూలింది కాదు, కట్టి ఎన్నో రోజులు కాలేదు. నవంబరు 1న కార్తీక ఏకాదశి, శనివారం. మన శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో కొత్తగా కట్టిన వేంకటేశ్వరస్వామి గుడి. లోపలికీ బయటికీ ఒక్కటే దారి. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ మెట్ల దగ్గర ఎదురెదురు పడ్డారు, రెయిలింగ్ విరిగింది, తొమ్మిది మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. కార్తీకంలో ఏకాదశి ఉపవాసం ఉండి, పొద్దున్నే తలస్నానం చేసి, పళ్లెంలో దీపం, పువ్వులు, కొబ్బరికాయ పెట్టుకుని పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చినవాళ్లు. తిరుమలకి పోయే స్తోమత లేక, దగ్గర్లోనే తిరుమల దేవుడు వెలిశాడని వచ్చినవాళ్లు. పది నెలల్లో మూడు చోట్ల ఇరవై రెండు ప్రాణాలు.

ఈ మూడింటినీ నేను ఒకచోట పెట్టడానికి కారణం ఉంది. గుళ్లని ప్రభుత్వ పెత్తనం నుంచి విడిపించి భక్తులకి అప్పగించాలని ఇప్పుడు గట్టిగా వినిపిస్తున్న వాదన. నిజాయితీగా అడుగుతున్నవాళ్లు అందులో చాలామంది ఉన్నారు, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. హుండీలో వేసిన రూపాయి ఎటు పోతోందో తెలియదు, చిన్న గుడి అర్చకుడి ఇంట్లో పొయ్యి వెలగదు, ధర్మకర్తగా వచ్చినవాడికి నిత్యపూజ అంటే ఏమిటో తెలియదు. కానీ కాశీబుగ్గ గుడి దేవాదాయ శాఖది కాదు, ప్రైవేటు గుడి. సింహాచలం దేవాదాయ శాఖ కింద ఉన్నదే. తిరుమలకి సొంత చట్టబద్ధమైన బోర్డు ఉంది. మూడు రకాల యాజమాన్యాలు, మూడు చోట్లా క్యూలో నిలబడ్డ మనిషే చచ్చిపోయాడు. కాశీబుగ్గ ప్రమాదం జరిగిన వెంటనే ఆ గుడి మా శాఖ పరిధిలో లేదన్న మాట వినిపించింది. అది కాగితం మీద నిజమే. అదే పట్టణంలో ప్రైవేటు సినిమా హాల్లో తొక్కిసలాట జరిగితే ఆ హాలు మాది కాదని ఏ అధికారీ అనడు. లైసెన్సు ఎవరిచ్చారు, దారులెన్ని, ఎమర్జెన్సీ తలుపు తీసి ఉందా అని అడుగుతారు. సినిమాకి వెళ్లిన మనిషికి ఉన్న రక్షణ దేవుడి దగ్గరికి వెళ్లిన మనిషికి ఎందుకు లేదు? గుడి ఎవరిదన్న ప్రశ్న మీద వందేళ్లుగా కోర్టుల్లో కొట్టుకుంటున్నాం. క్యూలో ఉన్న మనిషి ఎవరి బాధ్యత అన్నది ఏ కోర్టుకీ వెళ్లనక్కర్లేనంత తేలిక ప్రశ్న. ఆ మనిషి ప్రభుత్వం బాధ్యత, గుడి ఎవరిదైనా సరే.

ఇంకో అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. ప్రభుత్వం హిందూ గుళ్ల మీదే ఎందుకు పెత్తనం చేస్తుంది, మసీదుల మీదా చర్చిల మీదా ఎందుకు చేయదు అని. వక్ఫ్ ఆస్తులకి వేరే చట్టం ఉంది, అక్కడా ప్రభుత్వ అజమాయిషీ ఉంది. చర్చిల ఆస్తులు చాలావరకు సొసైటీల, ట్రస్టుల కింద నడుస్తాయి. మూడు చోట్లా ఆస్తులు అన్యాక్రాంతమైన కథలకి కొదవ లేదు. అందుచేత ఆ ఫిర్యాదులో న్యాయం ఉందని ఒప్పుకుంటూనే, దానికి మందు గుడి లెక్కలు అడగడం మానేయడం కాదంటాను. జనం దగ్గర కానుక తీసుకునే ఏ సంస్థ అయినా స్వతంత్ర ఆడిట్ చేయించి ఆ లెక్క గోడకి అంటించాలి, జనం గుమిగూడే ఏ చోటైనా ఒకే భద్రతా నిబంధన పాటించాలి. విజయనగరం బాబామెట్టలో ఖాదర్ వలీ బాబా ఉరుసుకి వచ్చేవాళ్లలో హిందువులెంతమందో ఆ ఊరివాళ్లకి తెలుసు. ఆ జనానికీ, సిరిమాను జనానికీ, క్రిస్మస్ రాత్రి చర్చి ముందు జనానికీ కొలత ఒక్కటే. రాజ్యాంగం 26వ అధికరణ అన్ని మతాలకీ తమ వ్యవహారాలు నడుపుకునే హక్కిచ్చింది. 27వ అధికరణ, ఒక మతం పోషణకని మన దగ్గర పన్ను వసూలు చేయకూడదంది. అర్చకులకి, ఇమాములకి, పాస్టర్లకి ప్రభుత్వాలు ఇచ్చే గౌరవ వేతనాల సంగతి కూడా ఈ వెలుగులోనే చూడాలి. మాన్యాలు, ఇనాములు పోగొట్టుకున్న పల్లె గుడి అర్చకుడికి ధూప దీప నైవేద్యాల సొమ్ము పాత బాకీ తీర్చినట్టే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఓట్ల లెక్క చూసుకుని ఈ మతానికి ఇంత, ఆ మతానికి ఇంత అని పెంచుకుంటూ పోతే అది బాకీ తీర్చడం కాదు, బేరం. పేదవాడికి ఇవ్వాలనుకుంటే పేదవాడని ఇవ్వండి.

మరి రాష్ట్ర పండగల మాటేమిటి? 2025 నుంచి అరసవల్లి రథసప్తమి కూడా రాష్ట్ర పండగ అయింది. ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలు తాకే ఆ గుడి శ్రీకాకుళానికి గర్వకారణం. వెనకబడ్డ జిల్లా అని ముద్రపడిన చోటికి ఆ పేరుతో నాలుగు రోడ్లు, నాలుగు దీపాలు, పది మంది బయటివాళ్లు వస్తే ఎవరు కాదంటారు? వలసపోయిన మన జనం పండగకి తిరిగొచ్చినప్పుడు ఊరు వెలుగుతుంటే కడుపు నిండుతుంది. నేనడిగేదల్లా, రాష్ట్ర పండగ అన్న మాటకి అర్థం ఏమిటని. ఆ మాటతో జీవోలో మరుగుదొడ్ల లెక్క, వైద్య శిబిరాల లెక్క, దారుల వెడల్పు, ఒక్క గంటలో ఎంతమందిని లోపలికి పంపొచ్చన్న అంకె వస్తే అది నిజంగా రాష్ట్ర పండగే. ఆ మాటతో వేదికలు, పాసులు, ప్రోటోకాల్ దర్శనాలు పెరిగితే మాత్రం పండగ జనం చేతిలోంచి జారి హోదా ఉన్నవాళ్ల చేతిలోకి పోయినట్టే. పెద్దవాళ్ల కోసం దర్శనం ఆపిన ప్రతి నిమిషం వెనక క్యూ ఒక అడుగు బిగుస్తుంది. బిగిసిన క్యూలో ముందు నలిగేది ముసలివాళ్లూ పిల్లలూ.

నాయకుడికి భక్తి ఉండకూడదా అని అడుగుతారు. ఉండాలి, ఉంటే మంచిదే. తప్పు చేయడానికి చెయ్యి రాకుండా ఆపే భక్తి ఏ మతానిదైనా దేశానికి మేలే. 1960లో అమెరికాలో కెన్నెడీ, తాను కాథలిక్కుని గనక పోపు మాట వింటానేమో అన్న అనుమానం తీర్చడానికి హ్యూస్టన్‌లో పాస్టర్ల ముందు నిలబడి, తన మతం తనది, పదవి ప్రజలది అన్న అర్థం వచ్చేట్టు చెప్పాల్సి వచ్చింది. మన నాయకులెవరూ ఆ పరీక్షకి నిలబడనక్కర్లేదు. మన జనం వాళ్ల భక్తిని అనుమానించరు. కానీ మంత్రి హోదాలో, ఇరవై కార్ల కాన్వాయ్‌తో, క్యూ ఆపి చేసుకునే దర్శనం ఆయన సొంత భక్తి కాదు, మన ఖర్చుతో జరిగే ప్రభుత్వ కార్యక్రమం. మామూలు రోజున మామూలు క్యూలో వెళ్లమనండి. ఆ రోజు ఆయనకి రెయిలింగ్ ఎంత గట్టిగా ఉందో కూడా తెలుస్తుంది.

ఈ జిల్లాల్లో ప్రతి పల్లెలో ఇప్పుడు ఒక కొత్త గుడి లేస్తోంది. దుబాయి సొమ్ముతో, హైదరాబాదు కూలి సొమ్ముతో, అమెరికా పిల్లల చందాలతో కడుతున్నారు. గోపురం ఎంత ఎత్తు, విగ్రహం ఏ ఊరి శిల్పి చెక్కాడు అని అందరం అడుగుతాం. ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగండి. లోపలికి ఒక దారి, బయటికి ఇంకో దారి ఉన్నాయా? ఒకేసారి ఎంతమంది పడతారు? ఆ అంకె ఒక పలక మీద రాసి, చందాలిచ్చినవాళ్ల పేర్ల కంటే పైన, గుడి గోడకి పెట్టించండి. పంచాయతీ ఒప్పుకోకపోతే కలెక్టరు గారి గ్రీవెన్సులో అర్జీ పెట్టండి. వచ్చే కార్తీక ఏకాదశి లోపల ఈ పని అవ్వాలి.